ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు: 1899 సువానీ జట్టు సీజన్ వెనక లెక్కలు

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులకు టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం, జార్జియా టెక్, ఆబర్న్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బాగా తెలిసిన పేర్లు. శనివారం కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే ఆ ఊళ్లలో పార్కింగ్ దొరకదు, హోటల్ గది దొరకదు. ఈ ఐదింటినీ, వీటితో పాటు మరో ఏడు జట్లనూ ఒకే సీజన్‌లో ఓడించిన కాలేజీ ఒకటుంది. దాని పేరు మాత్రం అక్కడ పదేళ్లుగా ఉంటున్న మనవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు. టెనెసీ రాష్ట్రంలో, కంబర్లాండ్ పీఠభూమి మీద అడవి మధ్య ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ అది. ఊరి పేరు సువానీ కాబట్టి యూనివర్సిటీని కూడా అందరూ సువానీ అనే పిలుస్తారు.

1899లో ఆ జట్టు 12 మ్యాచ్‌లు ఆడి పన్నెండూ గెలిచింది. మొత్తం 322 పాయింట్లు చేసి, ప్రత్యర్థులకు ఇచ్చింది 10. ఈ విజయాల్లో ఐదు నవంబర్ 9 నుంచి 14 వరకు, ఆరు రోజుల వ్యవధిలో వచ్చాయి. ఐదూ బయటి ఊళ్లలోనే. ఐదింటిలోనూ ఎదుటి జట్టు ఖాతా తెరవలేదు.

ఈ ఆరు రోజులను వీరగాథలా చెప్పడం అలవాటైపోయింది. కుర్రాళ్ల ధైర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ అలా చెప్పుకుంటూ పోతే అసలు ప్రశ్న మరుగున పడుతుంది: బుద్ధి ఉన్న ఏ జట్టయినా ఇలాంటి షెడ్యూల్‌కి ఎందుకు ఒప్పుకుంటుంది? దానికి జవాబు మైదానంలో దొరకదు, జమాఖర్చుల పుస్తకంలో దొరుకుతుంది.

సువానీకి ఏటా డబ్బు తెచ్చిపెట్టే పెద్ద మ్యాచ్ నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్‌తో ఆడేది. గేటు వసూళ్లు పంచుకునే దగ్గర రెండు కాలేజీలకూ చెడింది. దాంతో 1899లో ఆ మ్యాచ్ జరగలేదు. అప్పట్లో కాలేజీ జట్టుకు టీవీ హక్కులు లేవు, స్పాన్సర్లు లేరు. టికెట్ల డబ్బు, ఆతిథ్య జట్టు ఇస్తానని ముందుగా ఒప్పుకున్న మొత్తం, ఇవే ఆధారం. వాండర్‌బిల్ట్ మ్యాచ్ పోతే సీజన్ ఖర్చు పూడ్చుకునే దారి మూసుకుపోయినట్టే. ఆ గండి పూడ్చే పని విద్యార్థి మేనేజర్ ల్యూక్ లీ మీద పడింది. అప్పుడతనికి ఇరవై ఏళ్లు.

లీ వేసిన లెక్క సూటిగా ఉంది. కొండ దిగి టెక్సస్ దాకా వెళ్లిరావడానికే బోలెడు రైలు ఛార్జీలు. ఒక్క మ్యాచ్ వసూళ్లతో అది గిట్టదు. వెళ్లే దారిలో, వచ్చే దారిలో ఎన్ని మ్యాచ్‌లు ఇరికిస్తే తలా మ్యాచ్‌కీ పడే ఖర్చు అంత తగ్గుతుంది. అందుకే ఆస్టిన్, హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్, బాటన్ రూజ్, మెంఫిస్‌లను ఒకే వరసలో గుచ్చాడు. పటం తీసి చూస్తే లీ తెలివి అర్థమవుతుంది. ముందు పడమర కొసకు వెళ్లిపోయి, అక్కడి నుంచి తూర్పుకి, తర్వాత మిసిసిపీ నది వెంబడి ఉత్తరానికి, చివరికి ఇంటికి. ఎక్కడా వెనక్కి తిరిగిన దారి లేదు. మొత్తం ప్రయాణం దాదాపు 2,500 మైళ్లు, అంటే 4,000 కిలోమీటర్లు.

రైళ్లు లేకపోతే ఈ ఆలోచన కాగితం మీదే ఉండిపోయేది. స్లీపర్ బోగీ దొరికిందంటే జట్టుకి రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది, తెల్లారేసరికి మరో ఊరు వస్తుంది. సాయంత్రం మ్యాచ్, రాత్రి రైలు, పొద్దున్న కొత్త ఊరు. ఒళ్లంతా హూనమైన కుర్రాళ్లకి దొరికిన విశ్రాంతి ఆ బోగీలో కునుకే.

ఈ ఆట సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మనం ఫుట్‌బాల్ అనే ఆటకీ దీనికీ సంబంధం లేదు. ఇది బంతిని చేత్తో పట్టుకుని, ఎదుటివాళ్లను గుద్దుకుంటూ ముందుకు తోసుకెళ్లే ఆట. మన పాఠకుడికి దగ్గరి పోలిక కావాలంటే కబడ్డీ పట్టు లాంటి పెనుగులాట అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ పదకొండు మంది మీద పదకొండు మంది ఒకేసారి పడతారు. ఇవాళ టీవీలో కనిపించే అమెరికన్ ఫుట్‌బాల్‌కీ 1899 నాటి ఆటకీ కూడా చాలా తేడా ఉంది. అప్పుడు బంతిని ముందుకి విసరడం నిషేధం. ఆ పాస్‌కి అనుమతి వచ్చింది 1906లో. మైదానం పొడవు 110 గజాలు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి అవతలివాళ్లకి పోతుంది. బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 5 పాయింట్లు. దాని తర్వాత కొట్టే కిక్ గోల్ స్తంభాల మధ్య పడితే 1. ఆట మధ్యలో బంతిని తన్ని ఆ స్తంభాల మధ్య పంపితే ఫీల్డ్ గోల్, దానికి కూడా 5. దాడి చేసేదీ, అడ్డుకునేదీ అదే పదకొండు మంది. ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగడానికి వీల్లేదు. సగం ఆట 35 నిమిషాలు. హెల్మెట్ పెట్టుకునేవాళ్లు అరుదు.

వరసగా ఐదు మ్యాచ్‌ల్లో సున్నా ఎలా సాధ్యమైందో ఈ నియమాల్లోనే తెలుస్తుంది. పాస్ లేని ఆటలో దూరం నుంచి ఒక్క దెబ్బతో స్కోరు చేయడం కష్టం. గజం గజం నెట్టుకుంటూ పోవాలి. అలాంటప్పుడు దూరంగా పంట్ కొట్టగల, అంటే చేతిలోంచి వదిలిన బంతిని తన్ని పంపగల మనిషి ఉన్న జట్టు బంతిని ఎదుటివాళ్ల మైదానం లోతుల్లోకి పంపేసి, అక్కడ గోడ కట్టి కూర్చోవచ్చు. అవతలివాళ్లు మూడు ప్రయత్నాలు చేసి బంతి వదులుకుంటారు. మళ్లీ ఇదే వరస. సువానీకి ఆ కిక్కర్ ఉన్నాడు. పేరు ఆర్మండ్ సింకిన్స్, టెక్సస్ కుర్రాడు, వెనక వరసలో ఆడే ఫుల్‌బ్యాక్. ముందు వరసలో గట్టి మనుషులున్నారు. వాళ్లలో గార్డ్‌గా ఆడిన విలియం క్లెయిబోర్న్‌కి ఒక కన్ను కనపడదు. కెప్టెన్ హెన్రీ సైబెల్స్ కూడా వెనక వరసవాడే, హాఫ్‌బ్యాక్. కోచ్ బిల్లీ సూటర్ ప్రిన్స్‌టన్‌లో ఆడి వచ్చినవాడు. తను ఆట నేర్చుకున్న తూర్పు తీరపు పద్ధతుల్ని దక్షిణాదికి తెచ్చాడు.

సువానీకి మరో అనుకూలత కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొండ మీద చలికాలం గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో అక్కడ శీతాకాలంలో సెలవులిచ్చి, వేసవిలో క్లాసులు నడిపేవారు. మిగతా కాలేజీల కుర్రాళ్లు వేసవిలో ఇళ్ల దగ్గర ఉంటే, సువానీ జట్టు మాత్రం ఒక్కచోటే ఉంది. అక్టోబర్ నాటికి ఆ జట్టు పొందిక మిగతావాళ్లకంటే ముందుంది. సీజన్ మొదట్లో స్కోర్లు చూడండి: అక్టోబర్ 21న అట్లాంటాలో జార్జియాపై 12-0, ఒక్క రోజు విడిచి అదే ఊళ్లో జార్జియా టెక్‌పై 32-0, 28న టెనెసీపై 46-0, నవంబర్ 3న సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటేరియన్‌పై 54-0. టూర్‌కి బయల్దేరే ముందే నాలుగు మ్యాచ్‌ల్లో 144 పాయింట్లు.

నవంబర్ 7, మంగళవారం రైలెక్కారు. వెంట సుమారు ఇరవై మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజర్, ఒళ్లు పట్టే ట్రైనర్ క్యాల్ బరోస్ ఉన్నారు. ఊరూరా మారే నీళ్లు పడక కడుపులు చెడతాయని సువానీ ఊటనీళ్లను పీపాల్లో పోసుకుని వెళ్లారు. టైఫాయిడ్ భయం మామూలుగా ఉన్న కాలం అది, కాబట్టి చాదస్తం అనుకోవడానికి లేదు. అందరి షూలు పెట్టిన సంచి స్టేషన్‌లోనే మర్చిపోయారనీ, లీ టెలిగ్రామ్ కొట్టి వెనక రైల్లో తెప్పించాడనీ సువానీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గురువారం ఆస్టిన్‌లో టెక్సస్‌పై 12-0. ఆ మ్యాచ్‌లో సైబెల్స్ తల పగిలింది. కట్టు కట్టుకుని ఆడుతూనే ఉన్నాడు. బయటికి వెళ్తే తిరిగి రానివ్వరు కదా. పైగా మర్నాడు ఇంకో మ్యాచ్ ఉంది, చేతిలో ఉన్న మనుషులు లెక్కకు మించి లేరు. శుక్రవారం హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎంపై 10-0. ఈ మొత్తం ప్రయాణంలో తక్కువ స్కోరు ఇదే. రాత్రంతా రైల్లో ఉండి, శనివారం న్యూ ఆర్లీన్స్‌లో టులేన్‌ని 23-0తో ఓడించారు. ఆదివారం ఆట లేదు, ఆ రోజు చెరకు తోట చూడ్డానికి వెళ్లారు. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూపై 34-0. మంగళవారం మెంఫిస్‌లో మిసిసిపీ యూనివర్సిటీపై 12-0.

స్కోర్ల వరసను జాగ్రత్తగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. 12, 10 తర్వాత 23, 34కి పెరిగి, ఆఖర్న మళ్లీ 12కి పడింది. అలసిన జట్టు మూడో రోజుకి, నాలుగో మ్యాచ్‌కి బలం పుంజుకుందనుకోవడం కంటే, ప్రత్యర్థుల బలంలో తేడా అనుకోవడమే సరైనది. టెక్సస్‌లోని రెండు జట్లూ గట్టివి. టులేన్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఎల్‌ఎస్‌యూ పరిస్థితి కూడా అంతంత మాత్రమే. అంటే కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు కష్టమైన మ్యాచ్‌లు పడ్డాయి, ఒళ్లు నొప్పులు పెరిగేసరికి తేలిక జట్లు తగిలాయి. లీ ఇదంతా ముందే ఊహించాడని చెప్పలేం. దారి అలా ఉంది కాబట్టి అలా కుదిరింది. ఈ అదృష్టాన్ని ఒప్పుకుంటే రికార్డు విలువ తగ్గిపోదు. ఎందుకంటే ఐదో మ్యాచ్ నాటికి ఆ జట్టులో దెబ్బ తగలని మనిషి లేడు. అయినా మెంఫిస్‌లో గోడ కదల్లేదు. ఐదు మ్యాచ్‌లు కలిపి 91-0.

ఇంటికొచ్చాక, నవంబర్ 20న కంబర్లాండ్‌ని 71-0తో చిత్తు చేశారు. (ఇదే కంబర్లాండ్ 1916లో జార్జియా టెక్ చేతిలో 222-0తో ఓడింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంత తేడాతో ఓటమి మరొకటి లేదు. ఆ రోజు జార్జియా టెక్ కోచ్ జాన్ హైస్‌మన్. అతనితో సువానీకి పని ఇంకా పడబోతోంది.)

అసలు పరీక్ష టూర్‌లో రాలేదు, థాంక్స్‌గివింగ్ రోజున వచ్చిందన్నది ఈ వ్యాసం వాదన. నవంబర్ 30న అలబామా రాజధాని మాంట్‌గమరీలో ఆబర్న్‌తో మ్యాచ్. ఆబర్న్ కోచ్ హైస్‌మన్. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఏటా ఇచ్చే ట్రోఫీ అతని పేరు మీదే ఉంది. అప్పటికి బంతితో ముందుకెళ్లే ఒక ఎత్తుకీ (ప్రయత్నానికీ) మరో ఎత్తుకీ మధ్య ఆటగాళ్లు తీరుబడిగా లేచి, ఊపిరి తీసుకుని, వరసలో నిలబడేవారు. హైస్‌మన్ తన కుర్రాళ్లకి ఆ తీరుబడి లేకుండా చేశాడు. పడిన వెంటనే లేవాలి, వెంటనే తర్వాతి ఎత్తు మొదలవ్వాలి. బరువుతో, బిగింపుతో గెలిచే సువానీ రక్షణకి ఈ వేగం కొత్త. సీజన్ మొత్తంలో ఎవరూ దాటలేని గోడని ఆబర్న్ రెండుసార్లు దాటింది. చివరికి సువానీ 11, ఆబర్న్ 10. రెండు జట్లూ రెండేసి టచ్‌డౌన్లు చేశాయి, టచ్‌డౌన్ తర్వాత కొట్టిన ఒక్క కిక్కే తేడా తెచ్చింది. అంపైరింగ్ అన్యాయంగా జరిగిందని హైస్‌మన్ పత్రికల్లోనే గోడు వెళ్లబోసుకున్నాడు. ఆ కిక్ పక్కకి పోయి ఉంటే 1899 సువానీ గురించి ఇవాళ ఎవరూ రాయరు. పదకొండు మ్యాచ్‌లు బాగా ఆడిన ఒక పాత జట్టుగా మిగిలిపోయేది.

రెండు రోజులకే, డిసెంబర్ 2న అట్లాంటాలో నార్త్ కరోలినాతో ఆఖరి మ్యాచ్. ఫలితం 5-0. టచ్‌డౌన్ పడలేదు, ఒక్క ఫీల్డ్ గోల్‌తో గట్టెక్కారు. ఈ స్కోరులో ఆ జట్టు అలసట కనిపిస్తుంది. 43 రోజుల్లో పన్నెండో మ్యాచ్ అది. ఇప్పటి పెద్ద కాలేజీ జట్టు కూడా సీజన్‌కి పన్నెండు మ్యాచ్‌లే ఆడుతుంది, కానీ మూడు నెలల పాటు, వారానికి ఒకటి చొప్పున, వంద మందికి పైగా ఆటగాళ్లతో.

ఇంత చేసినా దేశవ్యాప్త గుర్తింపు రాలేదు. ఆనాటి ఫుట్‌బాల్ ప్రపంచమంటే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, పెన్సిల్వేనియా. ఏటా ఉత్తమ ఆటగాళ్లతో ఆల్ అమెరికన్ జట్టును ఎంపిక చేసే వాల్టర్ క్యాంప్ చూపు కూడా తూర్పు తీరం దాటి ఎక్కువగా పోలేదు. 1899కి జాతీయ ఛాంపియన్‌గా చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పేరు హార్వర్డ్. పది గెలిచి, యేల్‌తో 0-0 డ్రా చేసుకుంది. సువానీ హార్వర్డ్‌ని ఓడించేదా? ఆ ప్రశ్నకి జవాబు దొరకదు, ఎందుకంటే ఆ రెండు జట్లూ ఎదురుపడలేదు. ఉమ్మడి ప్రత్యర్థులు కూడా లేరు. కాబట్టి దక్షిణాదిలో ఆ ఏడాది సువానీని మించిన జట్టు లేదనడం వరకే న్యాయం. దేశంలోనే మొదటిదనడం అభిమానం.

ఈ గెలుపులకి ఒళ్లు అప్పజెప్పినవాళ్ల సంగతి చాలా కథనాల్లో ఒక వాక్యంతో దాటేస్తారు. సింకిన్స్ మోకాళ్లు ఆటలోనే దెబ్బతిన్నాయి. కాళ్లకి బిగింపు పట్టీలు వేసుకుని ఆడేవాడు. తర్వాతి జీవితంలో ఆ గాయాల మూలంగానే రెండు కాళ్లూ తీసేయాల్సి వచ్చిందని చెబుతారు. 1921లో చనిపోయాడు. ఆ ఆట ఎంత ప్రమాదకరంగా ఉండేదంటే, మైదానాల్లో చావులు ఎక్కువై 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా కాలేజీల ప్రతినిధుల్ని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ముందుకి పాస్ ఇవ్వడం, ఐదు గజాలకి బదులు పది గజాలు, ఇలాంటి మార్పులు వచ్చాయి. సింకిన్స్ కాళ్లకి ఆ సంస్కరణలు ఏడేళ్లు ఆలస్యం.

క్యాల్ బరోస్‌ని కూడా ఇక్కడే తలుచుకోవాలి. అతను నల్లజాతి మనిషి. రోజూ దెబ్బలు తిని వచ్చే ఇరవై మందికి కాళ్లూ చేతులూ మర్దన చేసి, మర్నాటికి నిలబెట్టింది అతనే. ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లకి మనుషుల్ని సిద్ధం చేయడం ఎంత పనో ఏ ఫిజియోని అడిగినా చెబుతారు. అయితే అతని జాతివాళ్లకి ఆ యూనివర్సిటీలో విద్యార్థిగా చోటు 1950ల దాకా లేదు. దక్షిణాదిలో సువానీ తలపడిన జట్లన్నీ తెల్లవాళ్లకే పరిమితమైన కాలేజీలవి. ఈ సీజన్‌ని ఎంత ఇష్టంగా చెప్పుకున్నా, ఈ మాట విడిచిపెట్టి చెబితే అది సగం చరిత్రే.

లీ సంగతి మరో రకం. కొన్నేళ్లకే నాష్‌విల్‌లో టెనెసియన్ పత్రికను స్థాపించాడు, 1911లో అమెరికా సెనేటర్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 జనవరిలో కొందరు సైనికులతో కారేసుకుని నెదర్లాండ్స్‌లో తలదాచుకున్న జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్‌ని ఎత్తుకొద్దామని వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. 1930లలో బ్యాంకు మోసం కేసులో జైలుకి కూడా వెళ్లాడు. ఇరవై ఏళ్ల వయసులో ఐదు ఊళ్లను ఒక్క రైలు దారి మీద గుచ్చిన తెగింపు అతన్ని జీవితమంతా వదల్లేదు.

సువానీ మాత్రం ఆ ఎత్తులో నిలబడలేకపోయింది. డబ్బు లెక్క ఈసారి తిరగబడింది. 1899లో గేటు వసూళ్లు, రైలు టికెట్లు సరిచూసుకుంటే కొన్ని వందల మంది విద్యార్థులున్న కాలేజీ కూడా పెద్దవాళ్లతో తలపడగలిగింది. తర్వాతి దశాబ్దాల్లో రాష్ట్ర ప్రభుత్వాల యూనివర్సిటీలు వేలమంది విద్యార్థులతో పెరిగాయి, భారీ స్టేడియాలు కట్టుకున్నాయి, ఆటగాళ్లకి స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మొదలుపెట్టాయి. కొండ మీద చిన్న ఊళ్లో ఉన్న కాలేజీకి అంత జనమూ లేరు, అంత డబ్బూ లేదు. 1932లో దక్షిణాది కాలేజీ జట్ల కూటమి అయిన ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) ఏర్పడినప్పుడు సువానీ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి. ఇవాళ దేశంలో అత్యంత సంపన్నమైన కాన్ఫరెన్స్‌లలో ఒకటైన ఎస్‌ఈసీలో సువానీ ఆడిన మ్యాచ్‌లు 37. ఓడినవి 37. ఒకప్పుడు ఒకే వారంలో సున్నాకి పరిమితం చేసిన టులేన్, ఎల్‌ఎస్‌యూ, మిసిసిపీ కూడా అప్పుడు ఆ కాన్ఫరెన్స్‌లోనే ఉండేవి.

అప్పుడు యూనివర్సిటీని నడిపిన అలెగ్జాండర్ గెరీ ఆటగాళ్లకి స్కాలర్‌షిప్పులు ఇవ్వడానికి ఇష్టపడలేదు. కాలేజీలో చదివే పిల్లలే ఆడాలి, ఆడటానికి పిల్లల్ని కొనకూడదన్నది ఆయన పట్టుదల. 1940లో సువానీ ఎస్‌ఈసీ నుంచి బయటికొచ్చేసింది. దక్షిణాది ఫుట్‌బాల్ వ్యాపారం పెరుగుతున్న సమయంలో తీసుకున్న ఆ నిర్ణయం వల్ల కాలేజీకి కీర్తి పోయింది, కానీ ఆట పోలేదు. ఇప్పటికీ సువానీ జట్టు ఉంది. ఆటగాళ్లకి క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వని డివిజన్ త్రీలో, తన స్థాయి చిన్న కాలేజీలతో ఆడుతోంది.